సున్నా వేసిన గంటలు

ఎనిమిదేళ్ళుగా ఆమె ప్రతి ఉదయం ఆ మనిషికి నమస్కారం పెడుతూనే ఉంది. పది దాటి అయిదు నిమిషాలకు లిఫ్టు తలుపులు తెరుచుకుంటాయి, డైరెక్టరు బయటికి వస్తాడు, వరసగా కుర్చీలన్నీ కిర్రుమంటాయి. అందరితోపాటు ఆమె కూడా లేస్తుంది.

"బాగున్నావామ్మా?" అంటాడు ఆయన, జవాబు కోసం ఆగకుండా.

"మీ దయ సార్" అంటుంది ఆమె, ఆయన వీపుకి. ఆ మాటను రోజుకొక చేదుమాత్రలా మింగి, కూర్చుని, పని మొదలుపెడుతుంది.

ఇంధన ప్రణాళికా విభాగంలో ఆమెను అందరూ పట్టికలమ్మ అంటారు. దేశంలో ఏ విద్యుత్కేంద్రం ఏ నెలలో ఎంత ఉత్పత్తి చేసింది, బొగ్గు ఎన్ని రోజులకు సరిపడా ఉంది, జలాశయంలో నీళ్ళు ఏ మట్టానికి దిగాయి, ఇవన్నీ ఆమె చేతిమీదుగా గళ్ళలోకి ఎక్కాల్సిందే. ఒక అంకె తప్పుపడితే అన్నంలో రాయిలాగా ఆమెకు పంటికింద తెలిసిపోతుందని ఇంజనీర్లే చెప్పుకుంటారు.

ఆమె భర్త కూడా ఇంజనీరే. తొమ్మిదేళ్ళ క్రితం గ్రిడ్డు నియంత్రణ కేంద్రంలో షిఫ్టు చూసేవాడు. ఆ వేసవిలో జలాశయం అడుగంటింది, పెద్ద బొగ్గు యూనిట్లలో ఒకటి చెప్పాపెట్టకుండా ఆగిపోయింది. వాడకం ఉత్పత్తిని దాటిపోతే ఎక్కడో ఒకచోట సరఫరా కోసెయ్యాలి. కొయ్యకపోతే గ్రిడ్డు మొత్తం కూలుతుంది. ఆ సాయంత్రం అతను కోతకు అనుమతి కోసం పై అధికారికి నాలుగుసార్లు ఫోను చేశాడు. "కొత్త స్టేడియంలో మంత్రిగారు మాట్లాడుతున్నారు. ఆ లైను ముట్టుకున్నావంటే నీ ఉద్యోగం ఉండదు. ఇంకో అరగంట లాక్కురా" అన్నాడు ఆ అధికారి. లాగితే వచ్చేది అది కాదు. ఇరవై నిమిషాల్లో దేశమంతా చీకటైంది. పదకొండు గంటలపాటు అలాగే ఉంది.

విచారణలో ఆ అధికారి ఒకే ఒక్క వాక్యం చెప్పాడు: "అలాంటి మాట నాతో ఎవరూ అనలేదు." ఆ ఫోను మాటలు ఎక్కడా రికార్డు కాలేదు. 'షిఫ్టు ఇంజనీరు సకాలంలో నిర్ణయం తీసుకోలేదు' అని నివేదిక తేల్చింది. సస్పెండైన తర్వాత కూడా ఆమె భర్త రోజూ గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ముందు గదిలో కూర్చునేవాడు. పద్నాలుగో నెలలో అలా కూర్చునే పోయాడు.

ఆ అధికారి అంత్యక్రియలకు వచ్చాడు. "నేను చూసుకుంటానమ్మా" అని ఆమె తలమీద చెయ్యి పెట్టాడు. అప్పటికే ఆయన ప్రణాళికా విభాగానికి డైరెక్టరయ్యాడు. చనిపోయిన ఉద్యోగి భార్యకిచ్చే ఉద్యోగం ఆమెకు తన విభాగంలోనే ఇప్పించాడు. ఎంత పెద్ద మనసో అన్నారు అందరూ. ఆ పెద్ద మనసుకే ఎనిమిదేళ్ళుగా నమస్కారాలు.

ఆమెకు ఆయన చావు అక్కర్లేదు. ఆయన చేసిన తప్పు ఒక్కటి, ఒకే ఒక్కటి, నలుగురి ముందూ ఆయన మెడకే వేలాడాలి. కిందివాళ్ళ మీదికి జారకుండా. అంతే ఆమె కోరిక. కోరిక చిన్నదే, కానీ ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చేతికి అందలేదు. ఎందుకంటే ఆయన ఏదీ రాయడు. ఏ ఆదేశమైనా నోటితోనే. కాగితం ముందుకు తోస్తే, "అక్కడ పెట్టు, నేను చెప్తాగా" అంటాడు. జేబులో ఆకుపచ్చ సిరా పెన్ను ఉంటుంది, అది అలంకారం. విభాగంలో ఆయన ముద్దుపేరే నోటిమాట. పని బాగుంటే 'నేనే చెప్పాను' అంటాడు, చెడితే 'నేనెప్పుడు చెప్పాను?' అంటాడు. గాలికి సాక్ష్యం ఎవరు?

ఇంట్లో అత్తగారు మాత్రం ఆ మనిషి చావుకి తక్కువ దేనికీ ఒప్పుకునేది కాదు. సాయంత్రం కోడలు చెప్పులు విడుస్తుండగానే గుమ్మంలో మొదలుపెట్టేది.

"ఇవాళ కూడా బతికే ఉన్నాడా?"

"ఉన్నాడత్తయ్యా."

"దగ్గు, ఆయాసం లాంటివేమైనా?"

"లేవు. కొత్త బూట్లు కొన్నాడు."

"కొంటాడు కొంటాడు. జనం నెత్తిమీద నడిచేవాడికి బూట్లు తొందరగా అరిగిపోతాయి."

"ఓర్చినమ్మకు తేటనీరు అంటారు కదా అత్తయ్యా."

"ఓర్చి ఓర్చి బావే ఎండిపోయింది. నాకు డెబ్భై ఎనిమిదేళ్ళమ్మాయ్! నీ తేటనీరు వచ్చేసరికి నా గొంతులో పోస్తావా, నా మీద చల్లుతావా?"

కోడలు నవ్వేది. కొడుకు పోయిన ఇంట్లో ఆ ఇద్దరికీ మిగిలిన వినోదం ఆ మనిషిని తిట్టుకోవడం ఒక్కటే. దాన్ని వాళ్ళు పొదుపుగా, రోజూ కొంచెంగా వాడుకునేవారు.

ఆ యేడు విభాగం ఇరవయ్యేళ్ళ విద్యుత్ ప్రణాళిక తయారుచేసింది. రాబోయే ఇరవయ్యేళ్ళలో దేశానికి ఎంత కరెంటు కావాలి, అందులో నీటినుంచి ఎంత, బొగ్గునుంచి ఎంత, గాలి, ఎండలనుంచి ఎంత, ఏ కేంద్రం ఎప్పుడు కట్టాలి, అన్నీ అందులోనే. దాన్ని ఏడుగురు సభ్యుల కమిటీ ముందు పెట్టాలి. కమిటీ ఔనంటే డైరెక్టరు జాతీయ ఇంధన మండలికి అధ్యక్షుడవుతాడు. కుర్చీ అప్పుడే చేయించారనీ, తోలు రంగు కూడా ఆయనే ఎంచాడనీ డ్రైవరు చెప్పాడు.

ప్రణాళికలో అన్నిటికీ ఆధారం అనుబంధం ఏడు. నలభై పేజీల పట్టిక. దేశాన్ని తొమ్మిది మండలాలుగా విడదీసి, గంట గంటకూ ఎంత వాడకం నమోదైందో రాసిన గళ్ళు. దాన్ని తయారుచేసింది చిన్న ఇంజనీరు. ఉద్యోగంలో చేరి రెండేళ్ళయిన పిల్ల, మాట్లాడేటప్పుడు ఉంగరం తిప్పుకునే అలవాటు. ఒకరోజు పదకొండింటికి ఆ పిల్ల కాగితాలు గుండెలకు హత్తుకుని పట్టికలమ్మ బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"అక్కా, ఒకటి చూస్తారా? నాకే తప్పుగా కనిపిస్తోందా, నిజంగానే తప్పా?"

పట్టికలమ్మ కళ్ళజోడు సవరించుకుంది. నాలుగో మండలం, వేసవి నెల. మధ్యాహ్నం ఒంటిగంటకు పెద్ద అంకె. రెండింటికి సున్నా. మూడింటికి సున్నా. నాలుగింటికి సున్నా. అయిదింటికి మళ్ళీ పెద్ద అంకె.

ఆమె ఇల్లు నాలుగో మండలంలోనే ఉంది. రెండు నుంచి అయిదు దాకా అక్కడ రోజూ కోత. ఒకటిన్నరకల్లా నీళ్ళ మోటారు వేసుకోవాలి, ఇస్త్రీ ముగించుకోవాలి. ఆ మూడు గంటలూ అత్తగారు విసనకర్రతో కూర్చుని ప్రభుత్వాన్ని పేరుపేరునా తలుచుకుంటుంది. అయిదవగానే వీధి వీధంతా ఒక్కసారిగా మీటలన్నీ నొక్కుతుంది.

"ఇవి కోత గంటలు కదా?"

"అవునక్కా! కోత వేస్తే వాడకం సున్నా అనే నమోదవుతుంది. అంతమాత్రాన కరెంటు అవసరం లేనట్టా? కోత లేని రోజుల్ని చూసి ఆ గళ్ళు నింపాలి. అలా నింపితే వేసవిలో తొమ్మిదివందల మెగావాట్లు తక్కువపడుతున్నాయి. కొత్త కేంద్రాలు ఇప్పుడే మొదలుపెట్టాలి. నింపకపోతే అంతా మిగులే."

"సారేమన్నారు?"

చిన్న ఇంజనీరు ఉంగరం తిప్పింది. "మూడుసార్లు చెప్పాను. 'లేనిదాన్ని ఎలా లెక్కపెడతావమ్మా? రికార్డులో సున్నా ఉంటే సున్నాయే. ఈ పద్ధతి నేను బాగా ఆలోచించి పెట్టాను' అన్నారు. అయిదేళ్ళలో మిగులు చూపిస్తానని ఆయన మంత్రిగారికి మాటిచ్చారట. అందుకే ఈసారి కాగితం మీద రాసి ఇద్దామనుకుంటున్నాను."

ఆ భవనానికి రెండు జనరేటర్లున్నాయి. కరెంటు పోవడమన్నది అక్కడ ఎవరూ చూసి ఎరగరు. ఆ చల్లటి గదుల్లో కూర్చుని 'నమోదైన డిమాండు' అని పుస్తకం మాట అంటుంటే, అందులో మనుషులు చెమటలు కక్కుతున్న సంగతి ఎవరికీ వినపడదు. కానీ ఆ క్షణంలో పట్టికలమ్మ మనసులోకి వచ్చింది ఆ మనుషులు కాదు.

ఈ పిల్ల రాసి ఇస్తే ఏమవుతుంది? ఆయన తెలివైనవాడు. రాత చూడగానే ప్రమాదం పసిగడతాడు, గళ్ళు నింపిస్తాడు. కమిటీ ముందు నిలబడి, 'కోత గంటల్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని నేనే చెప్పాను' అంటాడు. చప్పట్లు కొడతారు. తోలు కుర్చీలో కూర్చుంటాడు.

"రాయకు" అంది పట్టికలమ్మ.

"అదేంటక్కా?"

"ఇప్పుడు రాయకు. పట్టిక ఉన్నదున్నట్టు నాకివ్వు. నేను చూసుకుంటాను."

ఆ మాట నోట్లోంచి వచ్చాక, అది ఎవరి మాటో ఆమెకు గుర్తొచ్చింది. అయినా వెనక్కి తీసుకోలేదు. చిన్న ఇంజనీరు 'హమ్మయ్య' అనుకుంటూ వెళ్ళిపోయింది. పెద్దవాళ్ళు చూసుకుంటామంటే నమ్మే వయసు.

రెండు రోజులు పట్టికలమ్మ ఆలోచించింది. తప్పుకింద సంతకం పెట్టమంటే ఆయన పెట్టడు. ప్రశ్న ఉన్న కాగితాన్ని ఆయన చెయ్యి పదడుగుల దూరంనుంచే కనిపెడుతుంది. ఎనిమిదేళ్ళు చూసింది కదా, ఆ చేతిని ఆమెకంటే ఎరిగినవాళ్ళు లేరు. నింద దగ్గర ముడుచుకునే చెయ్యి పొగడ్త దగ్గర ఎలా ఉంటుందో మాత్రం ఇంతవరకూ ఎవరూ పరీక్షించలేదు.

మూడోరోజు మంత్రిగారు ఆయనకి స్వయంగా ఫోను చేశారని తెలిశాక, ఫైలు పట్టుకుని గదిలోకి వెళ్ళింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, కిటికీలోంచి ఊరిని తనదన్నట్టు చూస్తున్నాడు.

"ఏంటమ్మా?"

"ముందుమాట గురించి సార్. అనుబంధం ఏడులో ఉన్న లెక్కింపు పద్ధతి ఇంతకుముందు ఏ ప్రణాళికలోనూ లేదు. పాత పుస్తకాలన్నీ తిరగేశాను. ఇది ఎవరి ఆలోచనో చెప్పకుండా అచ్చువేస్తే, రేపు ఆర్థిక విభాగంవాళ్ళు మాదే అనేస్తారేమోనని."

"అంటారు! వాళ్ళు తప్పకుండా అంటారు." ఆయన ముందుకు వంగాడు. "పోయినసారి అదే చేశారు."

"మీ పేరు వెయ్యవచ్చా అని నోట్ పెట్టాను. అనుబంధాన్ని దాని వెనకాల జతచేశాను, చూస్తారా సార్?"

"నలభై పేజీల అంకెలు ఎవడు చూస్తాడమ్మా? నువ్వు చూశావుగా?"

"చూశాను సార్. ప్రతి గడీ."

"మరింకేం."

"కమిటీలో ఇంజనీర్లు కానివాళ్ళు కూడా ఉన్నారని, పద్ధతిని పట్టిక కింద మామూలు మాటల్లో వివరించాను."

"మంచిపని చేశావు. జనానికి అర్థంకావాలి."

ఆయన పెన్ను తీశాడు. ఆమె ఊపిరి కూడా బిగపట్టలేదు, అంత నిదానంగా ఉంది లోపల. పాలు పొంగేముందు పొయ్యి దగ్గర నిలబడినట్టు నిలబడింది. 'అవును' అని రాస్తే చాలనుకుంది. ఆయన అంతటితో ఆగలేదు. ఎన్నాళ్ళనుంచో వాడని పెన్ను సరదాగా పరిగెత్తింది. 'ఈ పద్ధతి నాదే. అనుబంధం ఏడు మొత్తం నా మార్గదర్శకత్వంలో తయారైంది.' సంతకం, దానికింద తేదీ.

"వస్తాను సార్" అంది ఆమె. "నమస్కారం."

ఆ రోజు మొదటిసారిగా ఆ నమస్కారం చేదుగా లేదు.

మూడు వారాల తర్వాత కమిటీ కూర్చుంది. పొడవాటి బల్ల, ఏడు మైకులు, ఏడు నీళ్ళ గ్లాసులు. అధ్యక్షుడు రిటైరైన జడ్జి, ముక్కుమీద జారే కళ్ళజోడు. ఆయన పక్కన ఒక జిల్లా ఆసుపత్రి నడిపే డాక్టరమ్మ. డైరెక్టరు వెనక వరసలో చిన్న ఇంజనీరు. అందరికంటే వెనక, గోడనానుకుని, ఒడిలో ఫైలు పెట్టుకుని పట్టికలమ్మ.

డైరెక్టరు ముప్పావుగంట మాట్లాడాడు. తెరమీద జలాశయం, గాలిమరలు, కొత్త బొగ్గు కేంద్రం నమూనా వచ్చిపోయాయి. "అయిదేళ్ళలో మిగులు" అన్నాడు చివర్న. ఒకరిద్దరు తల ఊపారు.

డాక్టరమ్మ మాత్రం పుస్తకంలో వేలు పెట్టుకుని ఉంది. "డైరెక్టరుగారూ, మా ఆసుపత్రి ఏ మండలంలో ఉందో మీకు తెలుసా?"

"చూసి చెప్తానమ్మా."

"నేనే చూశాను. నాలుగో మండలం. మధ్యాహ్నం రెండు నుంచి అయిదు, సున్నా. కింద మీరే వివరించారు, చదువుతాను వినండి. 'కోత ఉన్న గంటల్లో వాడకం నమోదు కాలేదు. కాబట్టి ఆ గంటల్లో ప్రజలకు కరెంటు అవసరం లేనట్టుగా సున్నా వేసి, రాబోయే ఇరవయ్యేళ్ళ అవసరాన్ని లెక్కగట్టాము. ఈ పద్ధతి డైరెక్టరుగారిది.'" ఆమె తలెత్తింది. "నిన్న ఆ మూడు గంటల్లో నేను రెండు ఆపరేషన్లు చేశానండీ, డీజిలు జనరేటరు మీద. మీ లెక్కలో నాకు దీపమే అక్కర్లేదు!"

"మా వైపు జనం ఇంకా పొదుపరులు" అన్నాడు చివర్న కూర్చున్న సభ్యుడు. "రోజుకి ఎనిమిది గంటలు వాళ్ళకేమీ అక్కర్లేదు."

జడ్జిగారు కళ్ళజోడు పైకి తోసుకున్నారు. "అంటే కోత ఎంత పెంచితే దేశానికి కరెంటు అంత తక్కువ కావాలన్నమాట. ఇరవైనాలుగు గంటలూ కోసేస్తే ఈ ప్రణాళికే అక్కర్లేదు."

హాలంతా నవ్వింది. డైరెక్టరు పుస్తకం తిప్పి ఆ పేజీ మొదటిసారి చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. కానీ ఆయన ఇలాంటివి దాటి వచ్చినవాడే. రెండు క్షణాల్లో గొంతు సర్దుకున్నాడు.

"క్షమించాలి. ఇది సిబ్బంది స్థాయిలో జరిగిన పొరపాటు. పట్టిక తయారుచేసింది మా చిన్న ఇంజనీరు. అనుభవం తక్కువ. పద్ధతి కూడా ఆ అమ్మాయిదే."

"మీ పేరు వేశారే?"

"నాకు చూపించకుండా వేశారు."

చిన్న ఇంజనీరు లేచి నిలబడింది. ఉంగరం తిప్పడం కూడా మరిచిపోయింది. "నేను చెప్పానండీ. ఇది తప్పని సారుతో మూడుసార్లు చెప్పాను."

"రాతపూర్వకంగా ఇచ్చావా తల్లీ?" అడిగారు జడ్జిగారు.

ఆ పిల్ల వెనక్కి తిరిగి పట్టికలమ్మ వైపు చూసింది. పట్టికలమ్మ కదల్లేదు.

"లేదండీ" అంది ఆ పిల్ల, ఏడుపు గొంతుతో.

కదలాల్సిన సమయం అదేనని పట్టికలమ్మకు తెలుసు. లేచి నాలుగడుగులు వేస్తే ఆ పిల్లకు ఊపిరి వస్తుంది. కానీ ఇంకా ఒక్క వాక్యం రావాల్సి ఉంది. దానికోసం తొమ్మిదేళ్ళు కూర్చున్నది, ఇంకో నిమిషం కూర్చోలేదా?

డైరెక్టరు చేతులు విప్పి, బాధపడుతున్న పెద్దమనిషిలా తల అడ్డంగా ఊపాడు. "అలాంటి మాట నాతో ఎవరూ అనలేదు."

పట్టికలమ్మ లేచింది. కుర్చీల మధ్యనుంచి నడిచి, బల్ల చుట్టూ తిరిగి, జడ్జిగారి ముందు ఫైలు తెరిచి పెట్టింది.

"విభాగం ఫైలండీ. నేను పట్టికలు చూసే గుమస్తాను."

జడ్జిగారు చదివారు. మైకు ఉందన్న సంగతి మరిచిపోయినట్టున్నారు, పైకే చదివారు. "'ఈ పద్ధతి నాదే. అనుబంధం ఏడు మొత్తం నా మార్గదర్శకత్వంలో తయారైంది.' ఈ ఆకుపచ్చ రాత తమరిదేనా?"

డైరెక్టరు కాగితాన్ని చూడలేదు, జడ్జిని చూడలేదు. తిన్నగా ఆమెను చూశాడు. ఎనిమిదేళ్ళలో ఆయన ఆమె మొహాన్ని పూర్తిగా చూడడం అదే మొదటిసారి. ఆమె కూడా చూపు దించలేదు. చూడనీ, బాగా చూడనీ అనుకుంది. మా ఆయనకి ఇలా చూసే అవకాశం కూడా ఇవ్వలేదు నువ్వు.

ప్రణాళిక వెనక్కి వెళ్ళింది. నెలలోపు లెక్కలన్నీ మళ్ళీ కట్టమన్నారు. డైరెక్టరు మీద విచారణ వేసి, సాయంత్రానికే పదవినుంచి తప్పించి పక్కన కూర్చోబెట్టారు.

మెట్ల దగ్గర చిన్న ఇంజనీరు ఎదురుచూస్తోంది. కృతజ్ఞతలు చెప్పడానికేమో అనుకుంది పట్టికలమ్మ.

"ఆ కాగితం మూడు వారాలుగా మీ దగ్గరే ఉందా?"

"ఉంది."

"నాకు చెప్పలేదేం?"

"చెప్తే నీ మొహంలో తెలిసిపోయేది."

"ఆయన అబద్ధం చెప్తున్నంతసేపూ నా ఉద్యోగం పోయిందనుకున్నాను. మా నాన్నకి ఏ మొహం చూపించాలా అనుకున్నాను. మీకేసి చూశాను కూడా. మీరు అలా చూస్తూ కూర్చున్నారు." ఆ పిల్ల కళ్ళు పొడిగా ఉన్నాయి. "నన్ను ఎరగా వేశారు."

ఏదో ఒక మెత్తటి మాట దొరక్కపోదు. పట్టికలమ్మ వెతకలేదు. "అవును" అంది.

"బాగుంది. చేప పడ్డాక వానపామును ఎవరు పట్టించుకుంటారులెండి, మేడం."

ఆ చివరి మాట తగలాల్సిన చోటే తగిలింది. ఆ పిల్ల మెట్లు దిగి వెళ్ళిపోయేదాకా పట్టికలమ్మ పిట్టగోడ పట్టుకుని నిలబడింది.

ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకు తలుపు చప్పుడైంది. అత్తగారు విసనకర్రతోనే వెళ్ళి తీసింది. గుమ్మంలో డైరెక్టరు. కారు వీధి చివరే ఆపి నడిచి వచ్చినట్టున్నాడు, చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"రా నాయనా, కూర్చో" అంది అత్తగారు. "ఫాను తిరగదు. ఈ గంటలో మాకు గాలి అక్కర్లేదని నువ్వే రాశావట కదా."

ఆయన కూర్చున్నాడు. పట్టికలమ్మ లోపలినుంచి వచ్చి ఎదురుగా నిలబడింది. నమస్కారం పెట్టలేదు.

"ఎల్లుండి విచారణలో నిన్ను అడుగుతారమ్మా. సంతకం చేసేటప్పుడు అనుబంధం జతచేసి లేదని ఒక్కమాట చెప్పు. తర్వాత మార్చారని నేను చెప్పుకుంటాను. ఒక్కమాట."

"జతచేసి ఉంది సార్. చూస్తారా అని కూడా అడిగాను."

"నీకు ఉద్యోగం ఇప్పించింది నేను."

"ఇప్పించావు నాయనా" అంది అత్తగారు. "కొడుకుని తీసుకుని కోడలికి ఉద్యోగమిచ్చావు. మారుబేరం బాగానే కుదిర్చావు."

ఆయన చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "పాత విషయాలు మనసులో పెట్టుకుని..."

"ఏ పాత విషయం సార్?" అంది పట్టికలమ్మ. గొంతు హెచ్చలేదు. "ఆ ఫోను సంగతా? అలాంటి మాటే ఎవరూ అనలేదన్నారు కదా మీరు. అననిదాన్ని నేను మనసులో ఎలా పెట్టుకుంటాను?"

అత్తగారు విసనకర్ర విసురుకుంటూనే ఉంది. ఆయన నేలకేసి చూశాడు.

"చేశాడు" అన్నాడు చివరికి. "నాలుగుసార్లు చేశాడు. లైను కోసేస్తానని బతిమాలాడు. నేనే వద్దన్నాను. సరేనా? ఇప్పుడు చెప్పాను. ఇంక నా మాట నువ్వు విను."

విసనకర్ర ఆగిపోయింది.

పట్టికలమ్మ బల్లమీదున్న కాగితం, పెన్ను తెచ్చి ఆయన ముందు పెట్టింది. "ఇది రాసివ్వండి."

ఆయన పెన్ను అందుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "రాస్తే నా గతేమవుతుందో తెలుసా? ఆ రోజు పదకొండు గంటలు... ఆసుపత్రుల్లో ఎంతమంది..." మిగిలింది మింగేశాడు. "పోయినవాడు తిరిగిరాడమ్మా. నన్ను తొక్కితే నీకేం వస్తుంది?"

"తెలీదు సార్. తొక్కి చూస్తాను."

ఆయన వెళ్ళాక అత్తగారు కొంగు నోటికడ్డం పెట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది. ఏడుస్తోందనుకుని కోడలు దగ్గరికి వెళ్ళింది. ఏడవడం లేదు, పెదాలు కదులుతున్నాయి. విన్న వాక్యాన్ని ఒక్కమాట కూడా జారిపోకుండా అప్పజెప్పుకుంటోంది.

"అమ్మాయ్, ఎల్లుండి నేనూ వస్తాను."

"అత్తయ్యా, అది ఆఫీసు విచారణ. పట్టిక గురించి."

"ఏ విచారణైతే నాకేం? వాడు అన్నాడు, నేను విన్నాను. నా చెవులు బాగానే పనిచేస్తున్నాయి. నువ్వు భార్యవి, పగతో చెప్తున్నావంటారు. నేను ముసలిదాన్ని, నా మాట కొట్టిపారెయ్యడానికి వాళ్ళకి కొంచెమైనా సిగ్గెయ్యాలి."

మంగళవారం ఇద్దరూ వెళ్ళారు. విచారణ గది బయట బెంచీమీద చిన్న ఇంజనీరు కూర్చుని ఉంది. ముసలావిడకు చోటిచ్చి జరిగింది, నీళ్ళ సీసా కూడా అందించింది. పట్టికలమ్మ వైపు మాత్రం చూడలేదు. పట్టికలమ్మ గోడ పక్కన నిలబడే ఉండిపోయింది.

లోపల విచారణాధికారి ఒకే ప్రశ్న అడిగాడు. "అనుబంధం సంతకానికి ముందే జతచేశారా?"

"ముందే జతచేశానండీ. ఆయన తెరవలేదు."

"సరే, వెళ్ళవచ్చు. ఈవిడెవరు?"

"మా అత్తగారు. ఆదివారం డైరెక్టరుగారు మా ఇంటికి వచ్చి ఏమన్నారో చెప్పడానికి వచ్చారు. తొమ్మిదేళ్ళ క్రితం గ్రిడ్డు కూలిన రోజు గురించి."

అధికారి పెన్ను మూత పెట్టేశాడు. "అది ఈ విచారణ పరిధిలోకి రాదమ్మా. ఆ ఫైలు ఎప్పుడో మూసేశారు."

అత్తగారు అప్పటికే ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చుంది. చేతిసంచీ బల్లమీద, సరిగ్గా ఆయన కాగితాలమీద పెట్టింది.

"నా కొడుకు మీ పరిధిలోనే పోయాడు నాయనా. మూత తియ్యి. నేను నెమ్మదిగా చెప్తాను, నువ్వు రాసుకో."

ఆయన తలుపు వైపు చూశాడు. తలుపుకి అడ్డంగా పట్టికలమ్మ నిలబడి ఉంది. ఆయన పెన్ను మూత తీశాడు.